వేలిముద్రలు చదువుదాం – 3: చక్రాలు లెక్కపెట్టడం

ముందుగా నా తప్పు ఒకటి దిద్దుకోవాలి. పోయిన భాగంలో కాగితం మీద పెన్సిల్ గీకి, ఆ పొడి వేలికి పూసి, పైన సెల్లో టేప్ అంటించి, ఆ టేప్‌ని తెల్లకాగితం మీద అతికించమన్నాను. ముద్ర బాగానే వస్తుంది, కానీ కుడి ఎడమలు తారుమారవుతాయి. నా కుడి చూపుడువేలి ముద్రను ఒకసారి ఇలా, ఒకసారి ఇంకు ప్యాడ్‌తో తీసి, రెండూ ఒకే వేలివేనా అని అరగంట తల పట్టుకున్నాను. టేప్‌ని పారదర్శకమైన ఫైల్ కవర్ ముక్క మీద అతికించి, వెనక్కి తిప్పి చూడండి. సరిపోతుంది. కోఠీలో ఏ స్టేషనరీ షాపులోనైనా కవర్ దొరుకుతుంది.

ఇక ఈవారం పని. మా నాయనమ్మ పిల్లల వేళ్లు పట్టుకుని శంఖాలెన్ని, చక్రాలెన్ని అని చూసేది. పదికి పదీ చక్రాలైతే రాజయోగమట! యోగం సంగతి పక్కన పెడితే, ఆవిడ చూసినదే పోలీసు నిపుణులూ చూస్తారు. గీతలు ఒక వైపు నుంచి వచ్చి, మలుపు తిరిగి అదే వైపుకి పోతే శంఖం, దాన్ని లూప్ అంటారు. గుండ్రంగా చుట్టుకుంటే చక్రం, దాన్ని వర్ల్ అంటారు. కొండలా ఊరికే పైకి లేచి దిగే గీతలు ఆర్చ్. నూటికి 60–65 లూపులే. ఆర్చ్‌లు బాగా అరుదు, ఐదు దాకా ఉంటాయి.

కంటికి అనుమానంగా ఉంటే డెల్టా వెతకండి. మూడు వైపుల నుంచి వచ్చిన గీతలు ఒకచోట చిన్న త్రిభుజంలా ఏర్పడతాయి, అదే డెల్టా. ఒకటుంటే లూప్, రెండుంటే వర్ల్, సాదా ఆర్చ్‌కి అసలుండదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేసినట్టు ఒక్క నొక్కు నొక్కి తీసేస్తే మాత్రం డెల్టా రాదు. గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వేలిని దొర్లించాలి.

ఇప్పుడు అసలు లెక్క. కుడి బొటనవేలిని 1 అనుకుని చిటికెనవేలు 5 దాకా, ఎడమ బొటనవేలు 6 నుంచి చిటికెనవేలు 10 దాకా నంబర్లు వేయండి. 1, 2 వేళ్లలో చక్రముంటే ఒక్కోదానికి 16. 3, 4కి 8. 5, 6కి 4. 7, 8కి 2. 9, 10కి 1. శంఖానికీ ఆర్చ్‌కీ సున్నా. సరి సంఖ్య వేళ్ల మొత్తం పైన, బేసి వేళ్ల మొత్తం కింద రాసి, రెండింటికీ ఒకటి కలపండి.

నాకు చక్రాలు 1, 4, 6లో ఉన్నాయి. పైన 8+4+1, అంటే 13. కింద 16+1, అంటే 17. కాబట్టి నేను 13/17. ఒక్క చక్రమూ లేనివాళ్లు 1/1. నాయనమ్మ చెప్పిన రాజయోగం 32/32.

పైన 32 రకాలు, కింద 32 రకాలు, మొత్తం 1,024 అరలు. కంప్యూటర్లు లేని రోజుల్లో పాత నేరస్తుల కార్డులన్నీ తిరగేయకుండా ఒక్క అర వెతికితే సరిపోయేది. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు. ఈ పద్ధతికి అప్పటి బెంగాల్ పోలీసు పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు పడింది. దాన్ని కుదిర్చినవాళ్లు ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం దొరగారిదే!

అయితే ఈ లెక్కకి పది వేళ్లూ కావాలి. ఇరానీ హోటల్లో చాయ్ గ్లాసు మీద దొంగ వదిలేది రెండు మూడు వేళ్ల ముద్రలే. ఆ ముద్ర చక్రమైనంత మాత్రాన ఎవరిదో తేలదు, అలాంటి చక్రాలు లక్షలమందికి ఉంటాయి. గీత ఎక్కడ చీలింది, ఎక్కడ ఆగిపోయింది అని చూడాలి. అది నాలుగో భాగం.

చర్మమే మిగలకపోతే? 1624లో షిరాజ్‌లో చంపేసిన జార్జియా రాణి కెటెవాన్ ఎముక గోవా చర్చి శిథిలాల్లో దొరికితే, దాని డీఎన్‌ఏని పరీక్షించింది మన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనే. అది ఐదో భాగానికి.

ఈలోగా ఇంట్లో ముగ్గురి పది వేళ్లూ తీసి లెక్క కట్టండి. ఏ ముద్ర ఏ వేలిదో అప్పటికప్పుడే పక్కన రాసేయండి. నేను రాయక రెండుసార్లు మొదటి నుంచి తీయాల్సి వచ్చింది.