బోర్డు గదిలో హెచ్‌ఆర్ – 4వ పాఠం: మానేసిన చేతుల ఖరీదు

పోయిన పాఠంలో కంపెనీ లాభనష్టాల పట్టీ చదవడం చూశాం. ఈసారి ఆ పట్టీలోకి మన హెచ్‌ఆర్ పనిని, అంటే సిబ్బంది వ్యవహారాలని ఎక్కిద్దాం. ఉదాహరణకి భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు అనుకోండి. ప్లాంటు ఊహించినదే, దాని అంకెలూ లెక్క కోసం పెట్టుకున్నవే. పద్ధతి మాత్రం రైస్ మిల్లుకైనా, తణుకు వైపు పంచదార ఫ్యాక్టరీకైనా సరిపోతుంది.

ముందు మన స్థానం ఏమిటో తెలుసుకోవాలి. 2013 కంపెనీల చట్టం 203వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీకి (షేర్ మార్కెట్‌లో నమోదైన కంపెనీకి) ఎండీయో సీఈఓయో ఉండాలి, కంపెనీ సెక్రటరీ ఉండాలి, సీఎఫ్‌ఓ (ఆర్థిక వ్యవహారాల అధిపతి) ఉండాలి. హెచ్‌ఆర్ హెడ్ ఉండాలని అందులో ఎక్కడా లేదు. చట్టం మన లాంటి వాళ్లని వేరే దారిన లోపలికి తెచ్చింది. 500 మంది కార్మికులున్న చోట సంక్షేమాధికారిని పెట్టమని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ఆ సంఖ్యని 250కి దించింది. క్యాంటీను, విశ్రాంతి గది, ఫిర్యాదులు చూసుకునే మనిషిగా మొదలైన ఉద్యోగం ఇది. ఇప్పుడు సీహెచ్‌ఆర్‌ఓ (హెచ్‌ఆర్ విభాగం అధిపతి) అని గది తలుపు మీద రాసుకున్నా, చాలా కంపెనీల్లో ఎండీ గారు నిర్ణయం తీసుకున్నాకే మనల్ని పిలుస్తారు: "ఇదిగో, ఇంతమందిని తీసుకోండి." ముందే పిలవాలంటే ఎండీ గారి దగ్గర లేని లెక్క ఒకటి మన దగ్గర ఉండాలి.

ఆ లెక్క మానేసిన వాళ్లతో మొదలవుతుంది. ఏడాదిలో మానేసిన వాళ్ల సంఖ్యని సగటు సిబ్బందితో భాగించి వందతో గుణించడం మీకు తెలిసిందే, దాని మీద టైమ్ పెట్టను. ఎవర్ని లెక్కపెడుతున్నామన్నదే అసలు ప్రశ్న. మన ప్లాంటులో పర్మనెంటు సిబ్బంది 120 మంది, ఏడాదిలో మానేసింది 12 మంది. పది శాతం, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ రొయ్య తల తీసి, తొక్క వలిచి, నరం లాగే 400 మంది ఆడవాళ్లు మేస్త్రీల కింద, అంటే కూలీలని తెచ్చే కాంట్రాక్టర్ల కింద వస్తారు, వాళ్లు ఈ లెక్కలో లేరు. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీకి ఇవ్వాల్సిన బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరతల) నివేదిక కూడా పర్మనెంటు వాళ్లు మానేసిన శాతాన్నే అడుగుతుంది. అందుకే చాలామంది అక్కడితో ఆగిపోతారు. నన్నడిగితే మన గోదావరి డెల్టాలో హెచ్‌ఆర్ పని అసలు మొదలయ్యేదే అక్కడ.

వలిచేవాళ్ల లెక్క ఎలా తీయాలి? కాంట్రాక్టర్ నెలనెలా కట్టే పీఎఫ్ జాబితాలు తీసుకోండి. మార్చిలో ఉండి ఏప్రిల్‌లో లేని పేర్లు పక్కన రాసుకోండి. ఏడాది జాబితాలు వరసగా పెడితే ఎప్పుడు ఖాళీ అవుతోందో కనిపిస్తుంది: సంక్రాంతికి ఊళ్లకెళ్లినప్పుడు, సార్వా నాట్లప్పుడు, దాళ్వా కోతలప్పుడు. జాబితాలో లేని వాళ్లు షెడ్డులో కనిపిస్తే అది ఇంకో పెద్ద సమస్య, దాన్ని ఆరో పాఠానికి ఉంచుదాం.

ఇప్పుడు రూపాయలు. షెడ్డులో అందరి నోటా వినిపించే మాట రికవరీ, అంటే వంద కిలోల రొయ్యకి ఎన్ని కిలోల మాంసం వచ్చిందన్నది. కొత్త చెయ్యి తలతో పాటు కాస్త మాంసం కూడా తీసేస్తుంది. ప్లాంటుకి రోజుకి 20 టన్నులు వస్తే, అందులో పావు వంతు కొత్తవాళ్ల చేతుల మీద పోతోందనుకోండి. అంటే 5 టన్నులు. వాళ్ల రికవరీ వందకి 2 కిలోలు తక్కువైతే రోజుకి 100 కిలోల మాంసం పోయినట్టే. కిలో 500 చొప్పున 50 వేలు. నెలకి 25 రోజుల పనికి పన్నెండున్నర లక్షలు.

ఈ అంకెలు మీ అంతట మీరు వేయకండి. రికవరీ షీటు ప్రొడక్షన్ మేనేజర్ దగ్గరుంటుంది, ధర సేల్స్ వాళ్ల దగ్గర. వాళ్ల అంకెతో వెళ్తే మీటింగులో మీ లెక్కని వాళ్లే నిలబెడతారు.

మీటింగు దాదాపు ఇలా సాగుతుంది. ఎండీ గారు, "పండగెళ్లాక వాళ్లే వస్తారులెండి, ఏటా ఉన్నదేగా" అంటారు. అప్పుడు "ఆయ్" అని ఊరుకోకండి. "వస్తున్నారండి, కానీ చాలామంది పక్క ప్లాంటుకి వెళ్తున్నారు. మన దగ్గర పని నేర్చుకుని అక్కడ రికవరీ ఇస్తున్నారు. జనవరి, ఫిబ్రవరి షీట్లు ఇవిగోండి" అనండి. ఆ వెంటనే ఏం చేద్దామో చెప్పాలి, లేకపోతే అది వట్టి ఫిర్యాదు అవుతుంది. వలిచేవాళ్లకి కిలోకి ఇంత అని కూలి. వానలకో, ధర పడిపోయో సరుకు రాని రోజు బస్సెక్కి వచ్చిన మనిషి చేతికి దాదాపు ఏమీ రాదు. మానేయడానికి జీతం రేటు కంటే ఇదే పెద్ద కారణం కావచ్చు, మేస్త్రీలని అడిగి చూడండి. సరుకు లేని రోజుకి కనీస కూలి, మూడు నెలలు నిలిస్తే చిన్న బోనస్ ఇస్తే నెలకి 4 లక్షలు అవుతుందనుకుందాం. పన్నెండున్నరా మిగులుతుందని మాత్రం చెప్పకండి. సగం మిగిలినా రెండు లక్షలకి పైగా లాభం. ఒక్క షిఫ్టులో మూడు నెలలు పెట్టి చూసి, రెండో షిఫ్టు రికవరీతో పోలుద్దామనండి. ఆ మాటకి సీఎఫ్‌ఓ కూడా కాదనలేరు.

ఈ అలవాటు పెద్ద నిర్ణయాలప్పుడు అక్కరకొస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి పెంచినప్పుడు, రొయ్యల వాళ్లందరి ముందూ వేరే మార్కెట్ వెతకాలన్న ప్రశ్న వచ్చింది. వేరే మార్కెట్ అంటే వేరే పనితనం. జపాన్ వాళ్లు కొనే నొబాషి రకానికి రొయ్య పొట్ట మీద సన్నటి గాట్లు పెట్టి, తెగకుండా నిలువుగా సాగదీయాలి. ఎంతమందికి ఆ పని వచ్చు, ఎన్ని వారాల్లో నేర్పగలం, నేర్చుకునేటప్పుడు ఎంత సరుకు పాడవుతుంది అన్నది ఆర్డరుకి ఒప్పుకునే ముందు చెప్పాల్సింది హెచ్‌ఆర్ హెడ్డే. ఒప్పుకున్నాక చెబితే అది సాకులా వినబడుతుంది.

అభ్యాసం: మీ కంపెనీలో ఏ ఒక్క పనిలో కొత్తవాళ్లు వస్తే సరుకో, టైమో ఎక్కువ పాడవుతుందో ఎంచుకోండి. ఆర్నెల్ల పేర్ల జాబితాలు పక్కపక్కన పెట్టి, పైన చేసిన లెక్కని ఒక్క పేజీలో రాయండి. ముందు ప్రొడక్షన్ మేనేజర్‌కి చూపించండి. ఆయన కొట్టేసిన అంకె దగ్గర ఆయన చెప్పిన అంకె వేసి లెక్క మళ్లీ చేయండి. వచ్చే పాఠంలో మేస్త్రీతో ఒప్పందం రాసుకోవడం చూస్తాం, అప్పటికి ఈ పేజీ మీ చేతిలో ఉండాలి.