క్యూబిట్ రీడవుట్‌కి ముందు ఇవి చూసుకోండి

అనంతపురంలో మా ప్రాక్టీసంతా ల్యాప్‌టాప్ సిమ్యులేషన్ మీదే, అయినా రేపు ఏదో ల్యాబ్‌లో నిజమైన సూపర్‌కండక్టింగ్ చిప్ ముందు కూర్చుని, క్యూబిట్ (క్వాంటం కంప్యూటర్ బిట్) స్థితిని చదవబోయే, అంటే రీడవుట్ చేయబోయే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రాస్తున్నా.

మొదట పర్సెల్ లెక్క వేయండి, ఇది వదలొద్దు. క్యూబిట్‌ను చదవడానికి పక్కన పెట్టిన రెజొనేటర్ (ఒక ఫ్రీక్వెన్సీకి స్పందించే మైక్రోవేవ్ సర్క్యూట్) గుండానే దాని శక్తి బయటి లైన్‌లోకి కారిపోతుంది, చేలో డ్రిప్ పైపుకి చిల్లు పడి నీళ్లు చెట్టుకి చేరకముందే పోయినట్టు. కారే వేగం సుమారుగా κ(g/Δ)². ఇందులో κ అంటే రెజొనేటర్ నుంచి బయటి లైన్‌లోకి శక్తి పోయే వేగం, g అంటే క్యూబిట్, రెజొనేటర్ మధ్య బంధం బలం, Δ అంటే వాటి ఫ్రీక్వెన్సీల తేడా. g 100 మెగాహెర్ట్జ్, Δ 1 గిగాహెర్ట్జ్, κ 2 మెగాహెర్ట్జ్ అయితే (లెక్కలో వీటిని 2πతో గుణించాలి) క్యూబిట్ ఆయుష్షు 8 మైక్రోసెకన్ల దగ్గరే ఆగిపోతుంది, మెటీరియల్ ఎంత మంచిదైనా సరే.

κ తగ్గిస్తే సరిపోదా అంటారేమో. అప్పుడు రీడవుట్ నెమ్మదిస్తుంది, చదివేలోపే క్యూబిట్ కింది స్థితికి పడిపోవచ్చు. అందుకే పర్సెల్ ఫిల్టర్ కావాలి. అది రెజొనేటర్ ఫ్రీక్వెన్సీని పోనిచ్చి, క్యూబిట్ ఫ్రీక్వెన్సీని అడ్డుకుంటుంది. మీ రెజొనేటర్లన్నీ దాని బ్యాండ్‌లో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చూడండి.

పల్స్ పవర్ పెంచేముందు ఆగండి. పై అంకెలతో క్రిటికల్ ఫోటాన్ సంఖ్య (రెజొనేటర్‌లో ఫోటాన్లు ఇంతకు చేరితే పై సుమారు లెక్క పనిచేయదు), అంటే Δ²/4g², 25 వస్తుంది, దానికి బాగా కిందే ఉండండి. రీడవుట్ ఫోటాన్లు క్యూబిట్ ఫ్రీక్వెన్సీని కూడా జరుపుతాయి, అది జరిగి చిప్‌లోని ఏ లోపానికో తగిలితే శక్తి అక్కడ పోతుంది.

ఇన్‌పుట్‌లో అటెన్యుయేటర్లు (సిగ్నల్‌ను, దానితో వచ్చే నాయిస్‌ను తగ్గించేవి), అవుట్‌పుట్‌లో ఐసొలేటర్లు (నాయిస్ వెనక్కి చిప్‌లోకి రాకుండా ఆపేవి) ఉన్నాయా? చివరగా, రీడవుట్ టోన్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి T1 (క్యూబిట్ ఆయుష్షు) కొలవండి. తేడా కనిపిస్తే పవర్ తగ్గించి మళ్లీ కొలవండి.