పాపాయి మేజోళ్లు రెండూ ఒకేసారి

పక్కావిడ సూదులు చకచకా కదులుతుంటే మనకి కాస్త కుళ్లు పుడుతుంది, తప్పులేదు. కానుకగా అల్లే మేజోళ్లలో అసలు విసుగంతా రెండోది మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టడమే. అందుకే రెండూ ఒకే సూదిమీద అల్లేయండి.

50 గ్రాముల ఊలుని వంటింటి తూకం మీద చూసుకుని 25 చొప్పున రెండు ఉండలు చుట్టండి. ఒక ఉండతో మొదటిదానికి కుట్లు వేసి, పక్కనే రెండో ఉండతో అన్నే వేయండి. ప్రతి వరసలోనూ ఒకటి అయ్యాక ఆ దారం వదిలేసి రెండోది అందుకోవాలి. మర్చిపోతే రెండూ అతుక్కుపోతాయి! కుట్లు తగ్గించడం, పెంచడం రెండింటికీ అదే వరసలో అయిపోతాయి కాబట్టి, రెండింటి పొడవూ ఒకేలా వస్తుందా అన్న టెన్షన్ ఉండదు. వరస చివర అల్లికని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిప్పితే దారాలు మెలిపడవు.

పొట్టి సూదుల మీద గుండ్రంగా అల్లే నమూనాకి మాత్రం ఇది కుదరదు. బల్లపరుపుగా అల్లి చివర్లో కుట్టేవాటికే.