నాచులో జన్యు తేడాలు చూడాలంటే శాంపిల్ ఇలా తీసుకోండి

నాచు అంటే ఇక్కడ మాస్, దాని చుట్టం లాంటి లివర్‌వర్ట్ అనే చిన్న మొక్కలు అన్నమాట, చెరువు నీళ్ళ మీద తేలేది కాదు, అది ఆల్గే.

రాళ్ళ మీద పచ్చగా కనిపించే ఆ మొక్క హాప్లాయిడ్, ప్రతి జన్యువూ ఒక్క కాపీనే ఉంటుంది. దాని మీద సన్నటి కాడతో లేచే క్యాప్సూల్ (స్పోర్ల తిత్తి) మాత్రం డిప్లాయిడ్, అంటే రెండు కాపీలు. మామూలు మొక్కల్లో ఒక కాపీ చెడిపోయినా రెండోది కప్పేస్తుంది, ఇక్కడ దాచడానికి ఇంకో కాపీ లేదు కాబట్టి మ్యుటేషన్ వస్తే ఆ మొక్కలోనే తేలిపోతుంది. అయితే వీటిలో తేడాలే ఉండవనుకోకండి, చాలా జాతుల్లో బాగానే దొరుకుతాయి.

అందరూ చేసే తప్పేంటంటే గుత్తిలోంచి చిటికెడు పీకి ట్యూబులో వేసేయడం. ఆ గుత్తి మొత్తం ఒకే క్లోన్ (ఒకే మొక్క నుంచి వచ్చిన నకళ్ళు) కావచ్చు, నాలుగు క్లోన్లు అల్లుకుపోయి కూడా ఉండొచ్చు, చూస్తే తెలీదు. ఒక ట్యూబుకి ఒక్క రెమ్మే. మార్కాన్షియా అనే లివర్‌వర్ట్ అయితే ఇంకా జాగ్రత్త, దాని మీద చిన్న చిన్న గిన్నెల్లో గెమ్మాలు అనే మొలకెత్తే చిన్న ముక్కలుంటాయి, వాన చినుకు పడగానే ఎగిరి పక్కన పడి మొలుస్తాయి, అన్నీ తల్లికి జిరాక్సులే. అందుకే నేనైతే కొన్ని సెంటీమీటర్ల దూరంలో, కొన్ని మీటర్ల దూరంలో, కొన్ని వేరే చోట నుంచి తీసుకుంటా, అప్పుడు క్లోన్ ఎంతవరకు పాకిందో కూడా తెలుస్తుంది.

రెమ్మని డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి మైక్రోస్కోప్ కింద ఆల్గే, ఫంగస్ తీసేసి సిలికా జెల్‌లో ఆరబెట్టండి. మిగతా గుత్తిని కాగితం కవర్లో పెట్టి నంబర్ రాసుకోండి, ప్లాస్టిక్‌లో పెడితే బూజే.

క్యాప్సూల్ ఉంటే అదృష్టం, కానీ దాన్ని వేరే ట్యూబులో వేయాలి. క్యాప్సూల్ జన్యువుల్లోంచి తల్లి రెమ్మవి తీసేస్తే మిగిలేది తండ్రివే, జంతువుల్లో ఇంత సులువు కాదు! ఏ మార్కర్‌లోనూ (పోల్చి చూడటానికి ఎంచుకున్న DNA ముక్క) తేడా రాకపోతే తల్లీ తండ్రీ ఒకే మొక్క లేదా ఒకే క్లోన్ అయ్యుండొచ్చు. అలాంటప్పుడు క్యాప్సూల్ ఒక్క తరంలోనే పూర్తి హోమోజైగస్ అయిపోతుంది, అంటే ప్రతి జన్యువుకి రెండు కాపీలూ ఒకేలా ఉంటాయి.

DNA సీక్వెన్స్ వచ్చాక రెమ్మలో ఒకేచోట రెండు పీకులు (గ్రాఫులో రెండు శిఖరాలు) కనిపిస్తే హెటెరోజైగస్, అంటే రెండు రకాల కాపీలున్నాయి అని రాసేయకండి. శాంపిల్ కలిసిపోయిందా, ఆ జన్యువుకి డూప్లికేట్ ఉందా, రెండు జాతులు కలిసి పుట్టి క్రోమోజోముల సెట్లు ఎక్కువైన పాలీప్లాయిడా, ఈ మూడూ చూడాలి, ముందు ఇంకో రెమ్మతో మళ్ళీ చేయండి. సాఫ్ట్‌వేర్‌లో హాప్లాయిడ్ అని పెట్టడం మర్చిపోతే లెక్కలన్నీ తారుమారే. ఒకే క్లోన్ పదిసార్లు వస్తే, జనాభా లెక్కల్లో ఒకసారే లెక్కేయండి.

ఆడ, మగ వేరుగా ఉండే జాతుల్లో ఇంకో చిక్కు. మార్కాన్షియాలో 8 మామూలు క్రోమోజోములు, వాటితో పాటు ఆడదానికి U, మగదానికి V అనే సెక్స్ క్రోమోజోము. 1917లో వృక్షశాస్త్రవేత్త చార్లెస్ అలెన్ స్ఫీరోకార్పస్ అనే లివర్‌వర్ట్‌లో చూపించాడు, మొక్కల్లో సెక్స్ క్రోమోజోములు మొదట దొరికింది అందులోనే. మీ మార్కర్ V మీద ఉంటే ఆడ మొక్కల్లో రాదు, అది ల్యాబ్ ఫెయిల్యూర్ కాదు.

చివరగా, ఒకే మొక్క మీది గెమ్మాలు రెండు మూడు వేరు వేరు ట్యూబుల్లో పెట్టి, నంబర్లు మార్చి, మిగతా వాటితో కలిపి నడపండి. వాటి మధ్య కూడా తేడాలొస్తే ఆ తేడా దాదాపుగా మన చేతిదే.