ముక్కు ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఊపిరి సంగతి అడగండి

రెండేళ్ల కిందట మా చెల్లి ముక్కు మీద గూను తీయించుకుంది. అద్దంలో చూసుకుంటే ఇప్పటికీ బాగుంటుంది. కానీ రాత్రి పడుకుంటే నోరు తెరిచే ఊపిరి తీస్తుంది. గొంతు ఎండిపోయి రెండుసార్లయినా లేస్తుంది, మంచం పక్కన నీళ్ల బాటిల్ ఉండాల్సిందే. "అక్కా, ముక్కు బాగుంది గానీ గాలి ఆడట్లేదు" అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. ఆపరేషన్‌కు ముందు ఫొటోలు తీశారు, కంప్యూటర్‌లో కొత్త ముక్కు చూపించారు. ముక్కు లోపల మాత్రం ఎవరూ లైటు వేసి చూడలేదు. అడగాలని మాకూ తోచలేదు. మీకు అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ముక్కు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి తడుముకుంటూ రండి. కొంత దూరం గట్టిగా ఎముక, ఆ తర్వాత మెత్తగా తగులుతుంది. ఆ మెత్తటిది మృదులాస్థి. డాక్టర్లు కార్టిలేజ్ అంటారు. బయట ఆకారాన్నీ లోపల గాలి దారినీ నిలబెట్టేది అదే. మధ్య గోడకూ పక్క మృదులాస్థికీ నడుమ 10 నుంచి 15 డిగ్రీల ఇరుకు మూల ఒకటి ఉంటుంది. దాన్ని నేజల్ వాల్వ్ అంటారు. గాలి దారి మొత్తంలో అదే అన్నిటికన్నా సన్నం. గూను చెక్కినప్పుడు పక్క మృదులాస్థులకు ఆధారం పోతే అవి లోపలికి వాలిపోతాయి, ఆ మూల ఇంకా మూసుకుంటుంది. అలా కాకుండా రెండు వైపులా సన్నటి మృదులాస్థి ముక్కలు పెట్టి దారిని తెరిచి ఉంచే పద్ధతి ఉంది. వాటిని స్ప్రెడర్ గ్రాఫ్ట్‌లు అంటారు. "నాకు అవి అవసరమా, కాదా, ఎందుకు?" అని పేరు పెట్టి అడగండి. జవాబు చెప్పడానికి తీరిక లేని చోట సంతకం పెట్టొద్దు.

వెళ్లే ముందు ఇంట్లోనే ఒకటి చూసుకోవచ్చు. ఒక ముక్కు రంధ్రం మూసి, రెండో వైపు ముక్కు పక్కన బుగ్గ మీద రెండు వేళ్లు ఆనించి చెవి వైపుకు మెల్లగా లాగండి. గాలి ఒక్కసారిగా తేలికైతే ఇబ్బంది ఆ వాల్వ్ దగ్గర ఉండొచ్చు. దీంతోనే నిర్ధారణ అయిపోదు. కానీ డాక్టర్‌కు ఈ మాట చెబితే ఎండోస్కోపీలో, అంటే సన్నటి కెమెరా గొట్టంతో ముక్కు లోపల చూసేటప్పుడు, అక్కడ మరింత జాగ్రత్తగా చూస్తారు.

ఊపిరి కోసం చేసే ఆపరేషన్‌లోనూ ఆకారం సంగతి ఉంది. ముక్కు దూలం, అంటే ఆ మధ్య గోడ, వంకర సరిచేసేటప్పుడు దాని మృదులాస్థిలో పైనా ముందూ కనీసం ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీ ఉంచాలి. అంతకన్నా ఎక్కువ తీసేస్తే ముక్కు మధ్యలో కుంగిపోతుంది.

ఎలర్జీ ఉన్నవాళ్లు ముందు దానికి మందు వాడండి, ఆపరేషన్‌తో తుమ్ములు పోవు. మెడికల్ షాపులో కొనుక్కునే, ముక్కు బిగుసును వెంటనే విడదీసే చుక్కల మందు నెలల తరబడి వాడుతుంటే ఆ సంగతి దాచొద్దు. ఆ చుక్కల వల్లే ముక్కు మళ్లీ మళ్లీ మూసుకుపోతూ ఉండొచ్చు.

పెళ్లి ముహూర్తం దగ్గరపడ్డాక మాత్రం దయచేసి ఈ పని పెట్టుకోకండి. కళ్ల కింద కమిలిన మచ్చలు రెండు వారాల్లో పోవచ్చు గానీ లోపలి వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పడుతుంది. అప్పటిదాకా ఆకారం బాగుందో లేదో తేల్చలేం.

సిగరెట్ నెల ముందే మానాలి. ఆస్పిరిన్, చేప నూనె మాత్రలు, విటమిన్ ఈ, ఆయుర్వేద మందులు ఏవి వాడుతున్నా డాక్టర్‌కు చెప్పండి. గుండెకు వాడే ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపొద్దు. ముక్కుపుడక ముందు రోజే తీయించండి. ఏళ్ల తరబడి ఉన్నది బిగుసుకుపోయి ఉంటుంది, ఆపరేషన్ ఉదయం హడావిడిగా లాగితే గాయమవుతుంది. ఇన్సూరెన్స్ కూడా ముందే కనుక్కోండి. అందం కోసం చేసేదానికి మామూలుగా డబ్బు రాదు, ఊపిరి కోసం చేసేదానికి కూడా చాలా పాలసీల్లో వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది.

ఇంటికొచ్చాక తల ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. రెండు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. కళ్లజోడు ముక్కు మీద ఎప్పటినుంచి ఆనించవచ్చో అడగండి, కొన్ని వారాలు ఆగమంటారు. మొదటి రోజుల్లో ముక్కు దిబ్బడ మామూలే, దానికి టెన్షన్ పడొద్దు. కానీ నొప్పి తగ్గకుండా పెరుగుతూ రెండు వైపులా పూర్తిగా మూసుకుపోతే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని త్వరగా తీయకపోతే మృదులాస్థి దెబ్బతిని ముక్కు కుంగిపోతుంది. జ్వరం వచ్చినా, రక్తం ఆగకపోయినా, నీళ్లలాంటి ద్రవం ఒక వైపు నుంచే కారుతున్నా తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి.