పాత వెంటిలేషన్ యూనిట్ బిగించే ముందు

ఇంట్లోని గాలిని బయటికి వదిలి బయటి గాలిని లోపలికి తెచ్చే ఈ సెకండ్‌హ్యాండ్ యూనిట్‌కు కరెంటు ఇవ్వకముందే మూత తీసి రెండు ఫ్యాన్లనూ చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగులు పోయినట్టే. కరెంటిచ్చాక మోటారు గుంయ్‌మంటూ తిరగకపోతే ముందు కెపాసిటర్‌ను (మోటారు తిరగడానికి తోడ్పడే, చార్జి నిలవ చేసే భాగం) అనుమానించండి. పాతదాని మీద రాసిన మైక్రోఫారడ్ (కెపాసిటర్ సామర్థ్యం) విలువే ఉన్నది, వోల్టేజి దానికి తగ్గనిది వేయాలి. కరెంటు తీసేసినా అందులో చార్జి నిలుస్తుంది, డిశ్చార్జి చేశాకే ముట్టుకోండి.

ఫిల్టర్లు ఎలాగూ కొత్తవే వేయాలి.

వైరింగ్‌కు ముందు మెయిన్ ఆపి టెస్టర్‌తో చూడండి. ఎర్త్ తప్పనిసరి. మూడు స్పీడ్ల మోటారైతే ఒకసారికి ఒక్క స్పీడ్ వైరుకే ఫేజ్ వెళ్లే రోటరీ స్విచ్ పెట్టండి. విడివిడి స్విచ్‌లు పెడితే ఎవరో ఒకరు రెండు స్పీడ్లు కలిపి వేస్తారు, వైండింగ్ కాలుతుంది. వైర్ల రంగులను నమ్మకండి, మూత లోపలి రేఖాచిత్రమే ప్రమాణం.

ఎక్కువమంది తప్పేది యూనిట్ ట్రేలో చేరే నీటిని బయటికి పంపే డ్రెయిన్ దగ్గర. పైపుకు యు-బెండ్ పెట్టి అందులో నీళ్లు పోయాలి. అది ఎండితే ఫ్యాన్ ఆ పైపులోంచే గాలి పీలుస్తుంది. నీరు దిగక ట్రేలో నిండి సీలింగ్ మీదికి కారుతుంది. బయటి గాలి వచ్చే డక్టుకు, బయటికి వదిలే డక్టుకు ఇన్సులేషన్ చుట్టండి, లేకపోతే చలికాలంలో వాటికి చెమట పడుతుంది.