పడుకునే ముందు ఒక కథ

భక్తి పిల్లలకు బోధిస్తే అబ్బదు. ఇంట్లో రోజూ కంటికి కనిపించాలి. సందెవేళ దీపం పెట్టేటప్పుడు వత్తి వేయడం, నూనె పోయడం వారి చేతికే అప్పగించండి. నాలుగు చుక్కలు గచ్చు మీద ఒలికినా కసురుకోకండి.

కథకు అన్నాలయ్యాక, టీవీ కట్టేసిన తరువాతి పావుగంట చాలు. నెల్లూరు వారు కథ కోసం దూరం పోవలసిన పని లేదు: 13వ శతాబ్దంలో ఇక్కడి మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలను తెనిగించాడు. మీరూ విరాటపర్వంతోనే మొదలుపెట్టండి. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు ప్రగల్భాలు పలికిన ఉత్తరకుమారుడు కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తడం, బృహన్నల వెంటబడి పట్టుకోవడం చెబుతూ ఉంటే నిద్రమత్తులో ఉన్న పిల్లవాడు కూడా లేచి కూర్చుంటాడు. జమ్మిచెట్టు దగ్గరకు రాగానే ఆపేయండి, మిగతాది రేపు. నీతి ఏమిటని మాత్రం అడగకండి, అది బడిలో ఎలాగూ అడుగుతారు.

ఆదివారం పెన్న ఒడ్డున ఉన్న రంగనాథస్వామి గుడికి వెళ్లినప్పుడు, దర్శనం కాగానే తిరుగుముఖం పట్టకుండా గాలిగోపురం నీడలో కాసేపు కూర్చుని, ఆ కథను పిల్లల చేతనే చెప్పించండి. తప్పులు చెబుతారు, బృహన్నలకు మీసాలు పెడతారు, దిద్దకుండా వినండి.